చెవికి అందని తెలిసిన మాటలు

ఇంగ్లిష్ నేర్చుకోవడం గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సాధారణంగా వ్యాకరణం మీదా, మాట్లాడేటప్పుడు కలిగే బెరుకు మీదా ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి. ఈ నెల మాత్రం వినడం గురించి అడిగినవారే ఎక్కువ. వాటిలో నాలుగింటికి సమాధానాలు ఇవి.

ప్రశ్న: పార్వతీపురం మన్యం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను ఇంగ్లిష్ బోధిస్తున్నాను. తరగతిలో ఆడియో వినిపించినప్పుడు పిల్లలు శ్రద్ధగానే వింటారు, అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా చెబుతారు. ఇంటి దగ్గర రోజూ కాసేపు ఇంగ్లిష్ వినమని ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ వినడం లేదు. విన్నామని చెప్పిన ఇద్దరు ముగ్గురిని గుచ్చి అడిగితే పాటలు విన్నామన్నారు. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోను, అది పగలంతా తండ్రి జేబులోనే ఉంటుంది. నేను వెంటపడకుండా, వాళ్లంతట వాళ్లు వినే అలవాటు చేయడం ఎలా?
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం: టీచరు గారూ, లెక్కల మాస్టారు ‘ఇంటి దగ్గర లెక్కలు చేయండి’ అని చెప్పి ఊరుకోరు. ఫలానా అభ్యాసంలో ఫలానా లెక్కలు చేసుకురమ్మంటారు, పుస్తకం చివర జవాబులు ఉన్నాయి, సరిచూసుకోమంటారు. ‘ఇంగ్లిష్ వినండి’ అన్నప్పుడు మనం ఏది వినాలో చెప్పలేదు, ఎంతసేపు వినాలో చెప్పలేదు, సరిగ్గా విన్నామో లేదో తెలుసుకునే దారి అసలే చూపలేదు. అలాంటప్పుడు పిల్లవాడు తనకు ఇష్టమైన పాట పెట్టుకుంటే అతణ్ని తప్పుపట్టలేం.

తరగతిలో వింటున్నారు కదా అని మీరు అనవచ్చు. అక్కడ మీట నొక్కేది మనం, ఆపేది మనం, ప్రశ్న మనది, ఏది సరైన జవాబో తేల్చేది కూడా మనమే. పిల్లలు చేసేదల్లా మూడు నిమిషాల మాటల్లోంచి ఐదు జవాబులు ఏరడం. అది విన్నారో లేదో పరీక్షించడమే తప్ప వినడం నేర్పడం కాదు. ఈ మాట మిమ్మల్ని ఉద్దేశించి అనడం లేదు. నేను చాలా ఏళ్లు ఇదే చేశాను, పిల్లల జవాబులు సరిపోతే పాఠం బాగా సాగిందనుకున్నాను. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి నోటుపుస్తకం చూసేదాకా నాకు విషయం తట్టలేదు. ఆ అమ్మాయి విన్నదాంట్లో తెలియని మాటలను ఒక పేజీలో రాసుకుంది. వాటిలో ఒకటి ‘అలాటవ్’. పక్కన పెన్సిలుతో ‘డిక్షనరీలో లేదు’ అని రాసి ఉంది.

ఆ మాట డిక్షనరీలో ఎక్కడుంటుంది? అది ‘ఎ లాట్ ఆఫ్’. ఆరో తరగతి నుంచీ ఆ పిల్ల చదువుతున్నదీ, రాస్తున్నదీ అదే. కంటికి బాగా తెలిసిన మూడు మాటలు చెవి దగ్గరికి వచ్చేసరికి ఒక్క కొత్త మాటగా మారిపోయాయి. ఇంగ్లిష్ విన్నప్పుడు అర్థం కావడం లేదని మన పిల్లలు చెప్పే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇలాంటివేనని నా అనుభవం. మాటలు రాక అర్థం కాలేదనుకుని మనం ఇంకా మాటల పట్టికలు బట్టీ పట్టిస్తాం. వచ్చిన మాటలే చెవికి అందడం లేదని గుర్తించం.

ఇందుకు కారణం మన భాషలోనే కొంత ఉంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు వచ్చి ఇక్కడితో మాట ముగిసిందని చెవికి గుర్తు చెబుతుంది. బస్, కార్ అన్న మాటలను కూడా మనం బస్సు, కారు అని మన దారికి తెచ్చుకున్నాం. ఇంగ్లిష్‌లో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి, వెనకాల అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ఆ హల్లు దాని మీదికి దూకేస్తుంది. ‘లాట్’ చివరి టకారం ‘ఆఫ్’ మీదికి దూకడం వల్లనే ‘లాటవ్’ అయింది. పైగా ఆఫ్, టు, ఫర్, అండ్, కెన్, హ్యావ్ వంటి చిన్న మాటలను మామూలు సంభాషణలో పూర్తిగా పలకరు. ‘ఐ షుడ్ హ్యావ్ ఆస్క్‌డ్ హిమ్’ అని పుస్తకంలో ఉన్న వాక్యం నోటి నుంచి వచ్చేసరికి సుమారుగా ‘ఐ షుడవాస్క్‌టిమ్’ అవుతుంది. హ్యావ్‌లోనూ హిమ్‌లోనూ హకారం కనిపించకుండా పోతుంది.

ఇదంతా మీ పిల్లలకు ధ్వనిశాస్త్రం పాఠంగా చెప్పనక్కర్లేదు. పక్క గదిలో తెలుగు మాస్టారు నేర్పుతున్న సంధులను అరువు తెచ్చుకుంటే చాలు. ‘రాముడు, అతడు’ కలిసి ‘రాముడతడు’ అవుతుందనీ, ‘మా, అమ్మ’ కలిసినప్పుడు మధ్యలో యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుందనీ వాళ్లకు తెలుసు. ‘హీ ఆస్క్‌డ్’ అన్నది ‘హీయాస్క్‌ట్’గా వినిపించడం యడాగమానికి చుట్టమే; ‘గో ఆన్’ అన్నప్పుడు యకారానికి బదులు వకారం వచ్చి ‘గోవాన్’ అవుతుంది. ‘డిడ్ యు’ అన్నది ‘డిడ్జు’ అవుతుంది. తెలుగులో సంధిని కాగితం మీద కూడా కలిపి రాస్తాం కనుక కంటికి దొరుకుతుంది, ఇంగ్లిష్‌లో విడివిడిగా రాసి కలిపి పలుకుతారు కనుక చెవి ఒక్కటే దాన్ని పట్టుకోవాలి. ఈ మాట చెప్పిన రోజు నా తరగతిలో పిల్లలు సంధులు విడదీసే ఆట మొదలుపెట్టారు. ఇంగ్లిష్ పీరియడ్‌లో అంత సందడి నేను అంతకుముందు చూడలేదు.

ఇక ఇంటి సంగతి. మొదటి నెల అందరికీ ఒకే ఆడియో ఇవ్వండి, అది రెండు నిమిషాలు మించకుండా చూడండి. పిల్లలకు తెలుగులో తెలిసిన కథ అయితే మరీ మంచిది. కాకి, నక్క, మాంసం ముక్క కథ ఇంగ్లిష్‌లో వింటున్నప్పుడు తరువాత ఏమవుతుందో ముందే తెలుసు కనుక దృష్టి అంతా మాటల మీద నిలుస్తుంది. మొదటి నాలుగైదు కథలను మీ గొంతుతోనే, మరీ నెమ్మదిగా కాకుండా మామూలు వేగంతో చదివి ఫోనులో రికార్డు చేయండి. తెలిసిన గొంతు కావడం వల్ల సగం భయం పోతుంది. ఆ తరువాత బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్ వంటి చోట్ల నుంచి తీసుకోవచ్చు. 1943 నుంచీ నేర్చుకునేవారి కోసమే పాఠాలు ప్రసారం చేస్తున్న విభాగం అది; వారి ఆరు నిమిషాల కార్యక్రమానికి మాటలన్నీ రాసి ఉన్న పూర్తి పాఠం కూడా దొరుకుతుంది. ఆరు నిమిషాలు మీ పిల్లలకు ఎక్కువ కనుక అందులో ఒక నిమిషం కత్తిరించి ఇవ్వండి.

ఫోను విషయంలో తండ్రులను తప్పుపట్టి లాభం లేదు. ‘పిల్లలకు చదువు కోసం ఫోను ఇవ్వండి’ అని అడిగితే ఏ తండ్రికైనా అనుమానం రావడం సహజం. ‘మీరు భోజనం చేసే పది నిమిషాలు ఫోను ఇవ్వండి, మీ అమ్మాయి ఈ పేరున్న ఆడియో మూడుసార్లు విని తిరిగి ఇచ్చేస్తుంది’ అని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పి చూడండి. ఎప్పుడు, ఎంతసేపు, దేనికి అన్నది స్పష్టంగా ఉంటే కాదనేవారు తక్కువ. మూడు నిమిషాల ఆడియో మూడు ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది. ఒకసారి ఫోనులోకి ఎక్కించాక ఇంట్లో సిగ్నల్ లేకపోయినా వినవచ్చు. స్మార్ట్‌ఫోను అసలే లేని ఇళ్ల పిల్లల కోసం బడిలో మొదటి గంట కొట్టక ముందు పావుగంట స్పీకరు పెట్టించండి. ఆ స్పీకరును నడిపే పని ఒక విద్యార్థికి అప్పగించి, మీరు స్టాఫ్ రూములోనే ఉండండి. మళ్లీ వేయాలా, ఎక్కడ ఆపాలి అన్నది వాళ్లు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి.

ప్రతి ఒక్కరికీ దీనికోసమే ఒక సన్నని నోటుపుస్తకం ఉండాలి. అందులో తేదీ, విన్నదాని పేరు, ఎన్నిసార్లు విన్నది, చెవికి అందని చోటు రాయాలి. అందని చోట ఏం వినిపించిందో తెలుగు లిపిలోనే, వినిపించినది వినిపించినట్టు రాయనివ్వండి. ఇంగ్లిష్ స్పెల్లింగు కోసం తంటాలు పడితే విన్న శబ్దం మరుగున పడిపోతుంది. మూడుసార్లు విన్న తరువాతే పాఠం ఉన్న కాగితం తెరిచి, తప్పిన ప్రతి చోటా ఒక అక్షరం రాసుకోవాలి. కొత్త మాటైతే ‘కొ’, తెలిసిన మాటే చెవికి అందకపోతే ‘చె’, మాటలన్నీ అందినా భావం తెలియకపోతే ‘భా’. మొదట్లో పిల్లలు అన్నిటికీ ‘కొ’ అని ముందుగానే రాసేసుకుంటారు. కాగితం తెరిచాక వాటిలో చాలావాటిని కొట్టేసి ‘చె’ అని దిద్దుకోవలసి వస్తుంది. తన తప్పు ఎలాంటిదో తనే తేల్చుకోవడం అక్కడ మొదలవుతుంది. మీరు వెంటపడవలసిన అవసరం తగ్గేది కూడా అక్కడే.

ఈ పుస్తకానికి మార్కులు వేయకండి. మార్కులు వేసిన మర్నాడే ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు ‘చె’లు నింపుతారు. దానికి బదులు రోజూ తరగతి మొదట్లో రెండు నిమిషాలు కేటాయించి, ఎవరో ఇద్దరిని నిన్న చెవిని మోసగించిన మాట ఏదో చెప్పమనండి. తప్పు వినడం నామోషీ కాదని తెలిస్తే పిల్లలు పోటీపడి చెబుతారు.

రెండో నెల మూడు ఆడియోలు ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి. మూడో నెల ఆడియోను వాళ్లనే తెచ్చుకోమనండి. ఒక్కటే షరతు, దానికి రాతప్రతి, అంటే అందులోని మాటలన్నీ రాసి ఉన్న పాఠం, ఉండాలి. ఎవరో క్రికెటర్ ఇంటర్వ్యూ తెస్తారు, ఇంకెవరో మొబైల్ రిపేరు వీడియో తెస్తారు. మీకు నచ్చనివి తెస్తారు. వద్దనకండి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాత పరీక్షే కనుక, వినడానికి ఇంత సమయం దేనికని ఎవరైనా మిమ్మల్ని అడగవచ్చు. పక్క రాష్ట్రం తెలంగాణలో ఇంటర్మీడియట్ ఇంగ్లిష్‌కు 2023-24 నుంచి ప్రాక్టికల్స్ పెట్టి 20 మార్కులు కేటాయించిన సంగతి వారికి చెప్పవచ్చు. నిజానికి పిల్లలు ఎక్కిదిగే బస్సు, రేపు చేరే కాలేజీ, చేసే ఉద్యోగం చాలవా ఈ ప్రశ్నకు జవాబుగా అని నాకనిపిస్తుంది కానీ, ప్రధానోపాధ్యాయుల దగ్గర మార్కుల లెక్కకే విలువ ఎక్కువ.

ప్రశ్న: నేను హనుమకొండలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. విదేశీ చదువుల కోసం అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయాలనుకుంటున్నాను. ఏడాదిగా రోజూ రెండు గంటలు సబ్‌టైటిల్స్‌తో ఇంగ్లిష్ సిరీస్‌లు చూస్తున్నాను. చూస్తున్నప్పుడు అంతా అర్థమవుతుంది. మాక్ టెస్టులో మాత్రం లిజనింగ్‌లో 40కి 20 దాటడం లేదు. ఇంకా ఎక్కువసేపు వినాలా?
— ఒక విద్యార్థి

సమాధానం: ఎక్కువసేపు వద్దు. మీరు ఏడాదిగా చేస్తున్నది చదవడం. తెర కింద అక్షరాలు ఉన్నంతసేపూ కన్ను ముందు పరిగెడుతుంది, చెవి వెనకాల తీరిగ్గా వస్తుంది. మాట వినపడేసరికే మీరు దాన్ని చదివేసి ఉంటారు. దానివల్ల మాటల సంపద పెరిగి ఉంటుంది, సందేహం లేదు, కనుక ఆ ఏడాది వృథా అని నేననను. పరీక్షలో మాత్రం అక్షరాలు కనిపించవు. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు, ప్రతి ఆడియో ఒక్కసారే వినిపిస్తారు.

రెండు గంటలను అరగంటకు తగ్గించి, ఆ అరగంటలో రెండు నిమిషాల ఆడియో ఒక్కటే పట్టుకోండి. మొదట ఏమీ రాయకుండా, ఏమీ చూడకుండా ఒకసారి వినండి. ఎవరు ఎవరితో ఏ సంగతి మాట్లాడుతున్నారో ఒక్క వాక్యంలో, కావాలంటే తెలుగులోనే, చెప్పుకోండి. రెండోసారి వాక్యం వాక్యానికీ ఆపుతూ విన్నది విన్నట్టు రాయండి. అందనిచోట ఖాళీ వదలండి, ఊహించి పూరించకండి. అదే ఖాళీ దగ్గరికి నాలుగైదుసార్లు వెనక్కి వెళ్లండి. యూట్యూబులో అయితే వేగాన్ని 0.75కు తగ్గించి చూడండి. అప్పటికీ అందకపోతే రాతప్రతి తెరిచి ఎర్ర సిరాతో దిద్దండి. చివర రాతప్రతి మూసేసి మామూలు వేగంతో మరోసారి వినండి. ఇంతకుముందు గోలగా వినిపించిన చోట ఇప్పుడు మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ఈ ఆఖరి వినికిడిని బద్ధకించి వదిలేసేవారే ఎక్కువ. అభ్యాసం వల్ల చెవికి నిజంగా ఏమైనా ఒరిగేది అప్పుడే.

వేగం తగ్గించడం గురించి ఒక మాట. నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా నెమ్మదిగా చదివే ప్రసారాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో ‘స్పెషల్ ఇంగ్లిష్’ పేరుతో దాదాపు 1500 మాటల పరిధిలో, చిన్న వాక్యాలతో, మామూలు వేగంలో మూడింట రెండొంతుల వేగంతో వార్తలు చదవడం మొదలుపెట్టింది. మొదటి మెట్టుగా అది చక్కని ఏర్పాటు. అయితే మనిషి నెమ్మదిగా చదివినప్పుడు ప్రతి మాటా విడిగా, పూర్తిగా పలుకుతాడు కనుక మీరు పట్టుకోవలసిన కలయికలన్నీ మాయమవుతాయి. మామూలుగా మాట్లాడినదాన్ని యంత్రంతో నెమ్మది చేస్తే ఆ కలయికలు అలాగే ఉండి, కాస్త సాగి వినిపిస్తాయి. మీ దశలో ఉన్నవారికి ఈ రెండోదే ఉపయోగం.

మాక్ టెస్టులో పోయిన 20 మార్కులు ఎక్కడ పోయాయో కూడా వేరుచేసి చూడండి. మొదటి భాగంలో పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు అడుగుతారు. వరసగా రెండు నాలుగులు వస్తే ‘డబుల్ ఫోర్’ అంటారు, సున్నాను ‘ఓ’ అంటారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీల మధ్య తేడాను చివరి నకారంలో వెతికితే దొరకదు. ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటిదాంట్లో సాధారణంగా చివరి భాగం మీద, రెండోదాంట్లో మొదటి భాగం మీద పడుతుంది. అమెరికన్ ఉచ్చారణలో ‘కెన్’, ‘కాంట్’ల సంగతి కూడా ఇలాంటిదే. ‘కాంట్’ చివరి టకారం చాలాసార్లు వినిపించదు. ‘కెన్’ మాత్రం ‘క్న్’ అన్నట్టుగా కుంగిపోతుంది. అందువల్ల ఆ మాట నిండుగా, గట్టిగా వినిపిస్తే అది ‘కాదు’ అని చెబుతున్నట్టు. చేయగలను అన్న ఒక అభ్యర్థిని చేయలేనన్నాడని నేనే ఒకసారి పొరబడ్డాను, అదీ ఇంగ్లిష్ బోధిస్తున్న రోజుల్లోనే.

సిరీస్‌లు మానేయమని చెప్పడం లేదు. రాత్రి పూట హాయిగా సబ్‌టైటిల్స్‌తోనే చూసుకోండి. దాన్ని అభ్యాసం ఖాతాలో మాత్రం రాసుకోవద్దు. మీ బ్రాంచికి సంబంధించి ఐఐటీల వంటి సంస్థల ఆచార్యులు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ ఉపన్యాసాలు కూడా వినవచ్చు. వాటిలో చాలావాటికి రాతప్రతులు దొరుకుతాయి, విషయం తెలిసినది కావడం కలిసివస్తుంది. అక్కడ మాట్లాడేది మన దేశపు ఆచార్యులు కనుక పరీక్షకు కావలసిన ఉచ్చారణల కోసం వాటి మీదే ఆధారపడకండి.

ప్రశ్న: నాకు క్రికెట్ పిచ్చి. కామెంటరీ ఇంగ్లిష్‌లోనే వింటాను. ఇది ఇంగ్లిష్ అభ్యాసం కిందికి వస్తుందా, లేక నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నానా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: టీవీలో చూస్తూ వింటే కొంత మభ్యపెట్టుకుంటున్నట్టే. బంతి ఎటు పోయిందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది కనుక వ్యాఖ్యాత చెప్పకపోయినా మీకు తెలుసు, ఆయన కూడా కనిపించేదాన్ని మళ్లీ చెప్పడు. రేడియో వ్యాఖ్యానం అలా కాదు. ఎవరు బంతి వేశారు, ఎక్కడ పడింది, బ్యాట్స్‌మన్ ముందుకు వచ్చాడా వెనక్కి తగ్గాడా, ఎవరు పరిగెత్తారు అన్నదంతా మాటల్లోనే కట్టి చూపాలి. మన హైదరాబాదులో పుట్టిన హర్షా భోగ్లే కూడా ఆకాశవాణిలోనే వ్యాఖ్యానం మొదలుపెట్టారు. ఆట మీకు క్షుణ్నంగా తెలుసు, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, ఇంగ్లండ్ గొంతులన్నీ ఒకే చోట దొరుకుతాయి, ఒకే రకం మాటలు వందలసార్లు తిరిగి వస్తాయి. ఒక ఓవరు ఆడియో మాత్రమే వినండి, ఆరు బంతులకూ ఏం జరిగిందో కాగితం మీద రాయండి, తరువాత అదే ఓవరు బంతి బంతికీ రాసిన వివరాలతోనో వీడియోతోనో సరిచూసుకోండి. మిగతా 19 ఓవర్లు సరదాకే వదిలేయండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. మా అమ్మాయి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. ఎనిమిదేళ్ల మనవరాలు వీడియో కాల్‌లో ఏమేమో చెబుతుంది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. నేను నవ్వి తల ఊపుతాను. వచ్చే వేసవిలో ఆరు నెలలు అక్కడ ఉండబోతున్నాను. ఈ వయసులో నా చెవికి ఇంగ్లిష్ పట్టుబడుతుందా?
— ఒక అమ్మమ్మ, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు ప్రపంచంలోని ఇంగ్లిష్ అంతా అర్థం చేసుకోనక్కర్లేదు, ఒక్క గొంతు అర్థమైతే చాలు. అది చాలా చిన్న పని. ఒకే మనిషి మాటలను, ఒకే రకం విషయాలను పదే పదే వినడాన్ని భాషా బోధకులు కూడా మంచి పద్ధతిగానే చెబుతారు, ఎందుకంటే మనుషులు తమకు అలవాటైన మాటలనే తిప్పి తిప్పి వాడతారు. ఎనిమిదేళ్ల పిల్ల మాటలు బడి, స్నేహితులు, బొమ్మలు, తిండి చుట్టూనే తిరుగుతాయి.

ముందు మీ అమ్మాయితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకోండి. రాత్రి పడుకునే ముందు మీ మనవరాలు తన కథల పుస్తకంలో ఒకటి రెండు పేజీలు పైకి చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపాలి, మీ అమ్మాయి ఆ పేజీల ఫోటో తీసి పంపాలి. వేసవిలో డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే తెనాలిలో మర్నాడు ఉదయం ఏడు గంటలు. మీరు కాఫీ తాగుతూ వినవచ్చు. ఫోటో వెంటనే తెరవకండి. రెండుసార్లు విని, కథలో ఏమైందో మీ మాటల్లో అనుకుని, అప్పుడు పేజీ చూడండి. వాట్సాప్‌లో వేగం పెంచే సదుపాయం ఉంది కానీ తగ్గించేది లేదు, కనుక అర్థం కానిచోట వెనక్కి జరిపి మళ్లీ వినడమే మార్గం.

అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పలుకులో ఒక్కటి ముందే తెలుసుకుంటే చాలా తికమక తగ్గుతుంది. రెండు అచ్చుల మధ్య వచ్చే టకారాన్ని వాళ్లు గట్టిగా పలకరు, అది మన డకారానికో రేఫకో దగ్గరగా వినిపిస్తుంది. వాటర్ అంటే ‘వాడర్’, లిటిల్ అంటే ‘లిడిల్’. నకారం వెనకాల వచ్చే టకారమైతే చాలాసార్లు అసలే వినిపించదు, ట్వెంటీ అంటే ‘ట్వెనీ’. ఈ మూడూ పట్టుకుంటే ఇలాంటివి ఇంకా మీ అంతట మీకే దొరుకుతాయి, దొరికినవి ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇంకొకటి, నవ్వి తల ఊపడం మానండి. మీకు అర్థమైందనుకుని పాప ఇంకా వేగంగా చెబుతుంది. ‘సే ఇట్ స్లోలీ, కన్నా’ అనండి, లేదా అర్థమైన ఒక్క మాట పట్టుకుని దాన్నే ప్రశ్నగా తిప్పి అడగండి. పాప ‘టీచర్’ అన్న మాట ఒక్కటే మీకు అందితే ‘టీచర్?’ అని అడిగితే చాలు, అదే సంగతిని ఈసారి వేరే మాటల్లో చెబుతుంది. రెండోసారి చెప్పేటప్పుడు పిల్లలు సహజంగానే నిదానిస్తారు. వాయిస్ మెసేజ్ విన్న రోజు మీరు కూడా దానికి బదులు పంపండి, తెలుగులోనే. పేదరాశి పెద్దమ్మ కథలు మీకు తెలిసే ఉంటాయి. రోజుకు రెండు నిమిషాల చొప్పున చెబుతూ ఆసక్తిగా ఉన్న చోట ఆపేశారంటే, మర్నాడు తన పేజీలు పంపడం పాప మరిచిపోదు.